ఈల విన్న సాక్షి

పోయిన వారం గంటమ్మను చర్చి నడిమధ్యలో నిలబెట్టి మనం మన దారిన వచ్చేశాం. పాపం, వారం రోజులుగా ఆవిడ అలాగే నిలబడి ఉంది. కాళ్ళు పీకుతుంటాయి. ముందు ఆవిడను కూర్చోబెట్టే ఏర్పాటు చూద్దాం.

కొత్తగా వచ్చిన పాఠకుల కోసం రెండు ముక్కలు. గంటమ్మ అసలు పేరు వేరే ఉంది, దాన్ని ఆవిడ కూడా మర్చిపోయింది. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు కొండల్లా వచ్చిపడే పెద్ద ఆవిరి లాండ్రీలో, ఇస్త్రీ హాల్లో పని. అక్కడి మెషీన్ల హోరును దాటుకుని అవతలి గోడదాకా వినబడే గొంతు ఆవిడదొక్కటే కాబట్టి ఆ పేరు ఖాయమైపోయింది. ఆవిడ భర్త అదే లాండ్రీలో బాయిలర్ ఆపరేటరు. ఆ మధ్య బాయిలర్ గదిలో ఆవిరి గొట్టం పేలి అతని కుడిచెయ్యి, వీపు కాలిపోయాయి. ప్రాణం దక్కింది. కానీ ఆ రోజు పొద్దున టీ తాగింది మొదలు ఆసుపత్రిలో కళ్ళు తెరిచేదాకా ఏం జరిగిందో అతనికి ఒక్క ముక్క గుర్తులేదు.

బాయిలర్‌కు సేఫ్టీ వాల్వు అని ఒకటుంటుంది. లోపల ఆవిరి హద్దు మీరితే అది దానంతటదే తెరుచుకుని ఈల వేస్తుంది. దాన్ని రోజూ పరీక్షించి చూడటం ఆపరేటరు పని. "పరీక్షించలేదు, వాల్వు బిగుసుకుపోయింది, ఈల మోగలేదు, గొట్టం పేలింది" అని మేనేజరు తేల్చేశాడు. ఆ సమయానికి గదిలో ఉన్న రెండో మనిషి, పనివాళ్ళ మీద అజమాయిషీ చేసే మేస్త్రీ. అతనూ అవునన్నాడు. రేపు సోమవారం పైనుంచి అధికారి వచ్చి విచారణ చేస్తాడు. తప్పు ఆపరేటరుదేనని తేలితే లైసెన్సు రద్దు. ఇంక జన్మలో అతన్ని బాయిలర్ ఛాయలకు రానివ్వరు. చేతనైన పని అదొక్కటే ఉన్నవాడికి అంతకంటే పెద్ద శిక్ష లేదు.

ఇక మేస్త్రీ సంగతి. ఆయనా గంటమ్మ వెళ్ళే చర్చికే వస్తాడు, అక్కడ పెద్దల్లో ఒకడు. పాస్టరుగారి ప్రసంగానికి అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా ఆమేన్ చెప్పేది ఆయనే కనుక చాటున అందరూ 'ఆమేన్ మేస్త్రీ' అంటారు. ఆ ప్రమాదం నుంచి ప్రభువు తనను ఎలా తప్పించాడో ఆయన చర్చిలో సాక్ష్యం చెప్పడం మొదలుపెట్టాడు. మొదటిసారి అది బెత్తెడంత ఉండేది. చెప్పినకొద్దీ సాగింది. ఒక ఆదివారం అందులోకి చల్లగాలి వచ్చి చేరింది. ఇంకో ఆదివారం తెల్లటి వెలుగు కనబడింది. ఈ ఆదివారం మంచి ఊపు మీదున్నాడు. "ఈల మోగుతోంది సంఘమా! అది ఈల కాదు, బయటికి రమ్మని నా ప్రభువు నన్ను పిలిచిన స్వరం!" అనేశాడు.

అందరూ హల్లెలూయ అన్నారు. గంటమ్మ అనలేదు. లేచి నిలబడింది.

"ఈల మోగిందా అన్నయ్యా?" అంది.

అక్కడే కదా మనం ఆగింది.

ఆవిడ నిజానికి మెల్లగానే అడిగింది. కానీ గంటమ్మ మెల్లగా అడగడమంటే మనం కేకేసి పిలిచినట్టు లెక్క. ఆఖరి వరసలో కునుకు తీస్తున్న పెద్దాయన కూడా ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. మేస్త్రీ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. చెయ్యి ఇంకా పైకే ఉంది. దాన్ని దించాలని కూడా ఆయనకు తోచలేదు.

పాస్టరుగారు అనుభవం ఉన్న మనిషి. "మనమంతా ఒక పాట పాడుకుందాం" అన్నాడు. ఏ పాటో చెప్పడం మర్చిపోయాడు. మగవాళ్ళు ఒకటి ఎత్తుకున్నారు, ఆడవాళ్ళు ఇంకొకటి. రెండూ కాసేపు కొట్టుకుని చివరికి ఆడవాళ్ళదే నెగ్గింది. ఈ గందరగోళంలో మేస్త్రీ చల్లగా వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు. ప్రార్థన ముగించాక పాస్టరుగారు అలవాటు కొద్దీ ఆ పెద్ద ఆమేన్ కోసం ఒక్క క్షణం ఆగాడు. అది రాలేదు. తనే గొణుక్కున్నట్టు అనేసి పుస్తకం మూశాడు.

గంటమ్మ కూర్చుంది గానీ ఒళ్ళో చెంగు మెలితిప్పుతూనే ఉంది. అది కోపం అనుకుంది. కాదు. ఆశ. చాలా కాలంగా ఇంటికి రాని చుట్టం గుమ్మంలో నిలబడితే గుర్తుపట్టడానికి కొంచెం సేపు పడుతుంది కదా, అలా ఉంది ఆవిడ పరిస్థితి.

ఎందుకంటే ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఆవిడ కడుపులో ఉంది. భర్త తప్పు చేశాడని ఆవిడా నమ్మింది. పైకి మేనేజరుతో పోట్లాడింది, మేస్త్రీ పెళ్ళాంతో మాటలు మానేసింది, ఎవరేమన్నా నా మొగుడు బంగారమంది. కానీ రోజూ తెల్లవారుజామున మోకాళ్ళూనితే నోట వచ్చే మొదటి మాట, "ప్రభువా, ఆయన తప్పు క్షమించు." అంత పని ఒత్తిడిలో ఒక పూట వాల్వు సంగతి మర్చిపోయి ఉంటాడు, మనిషే కదా అనుకుంది. మరి మనిషికి తను చేసింది తనకే గుర్తులేనప్పుడు, పక్కనున్నవాళ్ళు మాత్రం దేన్ని పట్టుకుని నమ్ముతారు?

అతనికైతే నమ్మకం అన్న మాటే చేదైపోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన కొత్తలో మేస్త్రీ పలకరించడానికి వచ్చి, మంచం పక్కన కూర్చుని ఆ సాక్ష్యమే వినిపించాడు. దేవుడు చెయ్యి పట్టుకుని తనను బయటికి లాగాడని చెప్పాడు. ఆయన వెళ్ళిపోయాక ఆపరేటరు కట్లు కట్టిన చేతివైపు చూసుకుని, "ఒకే గదిలో ఇద్దరం ఉన్నాం. దేవుడు ఆయన చెయ్యి పట్టుకున్నాడట. నాది పట్టుకోవడం మర్చిపోయినట్టున్నాడు" అన్నాడు. ఆ తర్వాత చర్చి గడప తొక్కలేదు. ఇంట్లో ప్రార్థన పెడితే లేచి కిటికీ దగ్గరికి పోయేవాడు. గంటమ్మ గొంతు ఎంత పెద్దదైనా ఆ మాటకు జవాబు మాత్రం ఆ గొంతులో లేదు.

ఆరాధన అయిపోయింది. జనం బయట టీ తాగుతూ గుసగుసలు మొదలుపెట్టారు. మేస్త్రీ మాత్రం కనబడలేదు. చర్చి వెనక కుర్చీలు దొంతరగా పెట్టే చిన్న గది ఉంది. ఆదివారం అయ్యాక కుర్చీలు మోయడం ఆయన తనంతట తాను నెత్తిన వేసుకున్న సేవ. గంటమ్మ తిన్నగా అక్కడికే వెళ్ళింది. రెండు చేతులా కుర్చీలు పట్టుకుని మేస్త్రీ లోపలున్నాడు. ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆవిడ నిలబడితే ఇంక ఆ గుమ్మంలో గాలికి కూడా చోటు చాలదు.

"తప్పుకో చెల్లెమ్మా, కుర్చీలు బరువుగా ఉన్నాయి."

"దించెయ్యి అన్నయ్యా. నీ బరువు కుర్చీలది కాదులే."

మేస్త్రీ దించలేదు. అవి చేతిలో ఉంటే కొంచెం ధైర్యంగా ఉన్నట్టుంది.

"నోరు జారిందమ్మా. ఊపులో ఏదో అనేశాను. నలుగురూ హల్లెలూయ అంటుంటే మనిషికి ఒళ్ళు తెలీదు. సాక్ష్యం చెప్పేటప్పుడు కొంచెం అటూ ఇటూ అవుతుంది, నీకు తెలీందేముంది?"

"అటా, ఇటా? ఏదో ఒకటి తేల్చు. ఈల మోగలేదనుకో, ప్రభువు నిన్ను దేనితో పిలిచాడు? మోగిందనుకో, మరి మా ఆయన మెడకి ఆ నింద ఎందుకు చుట్టారు?"

మేస్త్రీ కుర్చీలను ఇంకాస్త దగ్గరికి పట్టుకున్నాడు. "చర్చిలో చెప్పేది వేరు, విచారణలో చెప్పేది వేరమ్మా. ఇది ఆత్మ సంబంధం. అది ఉద్యోగ సంబంధం."

"రెంటికీ పేరొకటే కదా అన్నయ్యా. ఇక్కడా సాక్ష్యమే, అక్కడా సాక్ష్యమే. నాకు తెలిసిన తెలుగులో దానికి రెండో మాట లేదు. నీకు తెలిస్తే చెప్పు, నేర్చుకుంటాను."

మేస్త్రీ ఒక్కసారి ఇటు చూశాడు, అటు చూశాడు. గదిలో కుర్చీలు తప్ప ఆయన తరఫున మాట్లాడేవాళ్ళు లేరు.

"నేను అబద్ధం ఆడలేదు" అన్నాడు చివరికి. "మేనేజరు పిలిచి 'ఈల మోగలేదు కదా' అన్నాడు. అడిగినట్టు లేదమ్మా, చెప్పినట్టుంది. నేను తలూపాను. అంతే. నోటితో ఒక్క మాట అనలేదు, ప్రమాణం చేసి చెప్తాను."

"తల కూడా నీదేగా అన్నయ్యా? పక్కింటి నుంచి తెచ్చుకుని ఊపావా?"

ఇంకో సమయంలో అయితే ఆయన నవ్వేవాడు. చర్చిలో గంటమ్మ మాటలకు ముందు నవ్వేది ఆయనే. ఇప్పుడు మాత్రం మొహం అదోలా అయిపోయింది. చేతిలోని కుర్చీలు ఒక్కొక్కటే దించి, వాటిలో ఒకటి విప్పి, అందులో కూలబడ్డాడు. ఆయనకు వయసు మీద పడిందని గంటమ్మ అప్పుడే చూసింది.

"మోగింది చెల్లెమ్మా. గదంతా అదిరిపోయేలా మోగింది."

గంటమ్మ మాట్లాడలేదు. మాట్లాడకుండా ఉండటం ఆవిడకు కష్టమైన పని. అయినా ఉంది.

"వాల్వు మీవాడు పొద్దున్నే చూసుకున్నాడు. నా కళ్ళముందే చూసుకున్నాడు. వాడు చూడని రోజంటూ లేదు. ఈల మొదలవగానే నాకు తలుపు తప్ప ఇంకేం కనబడలేదు. తలుపుకి నేను దూరంగా ఉన్నాను, వాడు దగ్గరగా ఉన్నాడు. ఒక్క అడుగేస్తే వాడు బయట పడేవాడు. 'పద పద' అని అరుస్తూ నేను వాణ్ణి దాటుకుని పరిగెత్తాను. వాడు రాలేదు. 'అన్నయ్యా, అవతల ఆడవాళ్ళు' అన్నాడు. అంతే అన్నాడు. వెనక్కి తిరిగి లోపలికి పోవడం తలుపు బయటినుంచి చూశాను. మీ ఇస్త్రీ హాలుకి ఆవిరి వచ్చే వాల్వు లేదూ, దాన్ని మూసేశాడు. మూశాక గొట్టం పేలింది. మూయకపోతే ఆ ఆవిరంతా..."

ఆయన ఆపేశాడు. ఆపకపోయినా గంటమ్మకు వినబడేది కాదు. ఆవిడ చెవుల్లో ఆ రోజు పొద్దున మోగుతోంది.

ఆ రోజు ఇస్త్రీ హాల్లో పెద్ద రోలరు మీద దుప్పటి సగంలో ఉండగా ఆవిరి చప్పున ఆగిపోయింది. ఆడవాళ్ళంతా విసుక్కున్నారు. హోటలు దుప్పట్లు మధ్యాహ్నానికి పంపాలి. అప్పుడు గంటమ్మే గోడవైపు తిరిగి తన గొంతంతా పెట్టి అరిచింది. "ఏం, బాయిలర్ గదిలో అందరూ పడుకున్నారా?" అని. పక్కనున్న అమ్మాయిలు కిసుక్కున నవ్వారు కూడా. ఆ నవ్వు ఇంకా ఆగకముందే అవతల పేలిన చప్పుడు వచ్చింది. ఆ ఒక్క కేక గంటమ్మకు ఇన్నాళ్ళూ గుర్తుకు రాలేదు. ఇప్పుడు వచ్చింది. తనమీదికి రాబోయే ఆవిరిని అవతలివైపు ఒక మనిషి ఒంటిచేత్తో ఆపుతుంటే, ఇవతల నిలబడి ఆ మనిషినే తాను తిట్టింది.

గోడకు చేరబడి ఏడ్చేసింది. చాటుగా కాదు, గొంతెత్తి ఏడ్చింది. ఆవిడకు వచ్చిన పద్ధతి అదే. టీ గ్లాసులతో ఒకరిద్దరు తొంగిచూసి, ఇది తమ ప్రార్థనలకు అందే వ్యవహారం కాదని గ్రహించి వెళ్ళిపోయారు.

కాసేపటికి చెంగుతో మొహం తుడుచుకుంది. మేస్త్రీ తల వంచుకునే ఉన్నాడు.

"రేపు అందరి ముందూ నన్ను నిలదీస్తావు" అన్నాడు.

"లేదు. నేను నోరే విప్పను."

"సంఘం వాళ్ళని తీసుకొస్తావు. అందరూ విన్నారుగా."

"ఎవర్నీ తీసుకురాను. మెడ పట్టి చెప్పిస్తే అది నా సాక్ష్యమవుతుంది గానీ నీదెలా అవుతుంది?" గంటమ్మ గొంతు ఇప్పుడు స్థిరంగా ఉంది. "అన్నయ్యా, ఇన్నాళ్ళూ నువ్వు సాక్ష్యం చెప్తుంటే నాకు ఒళ్ళు మండేది. నిన్ను మాత్రమే కాపాడాడా అని దేవుడితో తగువేసుకునేదాన్ని. ఇప్పుడు నమ్ముతున్నాను. నిన్ను బయటికి పిలిచింది ఆయనే. ఎందుకు పిలిచాడో తెలుసా? ఆ గదిలో మా ఆయన చేసిన పని చూసినవాడు ఈ లోకంలో నువ్వొక్కడివే. చేసినవాడికే గుర్తులేదు. నువ్వు కూడా లోపలే పోయుంటే ఆ పని ఇంక ఎవరికీ తెలిసేది కాదు. ప్రభువు నిన్ను కాపాడుకుంది రేపటి కోసం."

మేస్త్రీ తలెత్తలేదు. ఆయన ఆమేన్ అంటాడేమోనని గంటమ్మ చూసింది. అనలేదు. అది ఆవిడకు మంచి గుర్తుగానే తోచింది. ఇంతకాలం ఆయనకు మరీ తేలిగ్గా వచ్చే మాట అది. ఆవిడ గుమ్మం వదిలింది.

ఇంటికి వెళ్ళే దారంతా నడిచిందో పరిగెత్తిందో ఆవిడకే తెలీదు. వాకిట్లో అత్తగారు పీట మీద కూర్చుని దేవుడితో మాట్లాడుతోంది. ఆ ముసలావిడ ప్రార్థన ఎప్పుడూ పైకే చేస్తుంది, కోడల్ని దెప్పినట్టే దేవుణ్ణీ దెప్పుతుంది. "అడిగినప్పుడల్లా చూద్దాం చూద్దాం అంటే ఎలాగయ్యా? నీకేం, కాలం చాలా ఉంది. నాకుందా?" అంటోంది. గంటమ్మ ఆవిడను దాటుకుని లోపలికి వెళ్ళింది. ఆపరేటరు కిటికీ దగ్గర కుర్చీలో, గుమ్మానికి వీపు చేసి కూర్చున్నాడు.

"ఏవండీ, ఈల మోగింది."

అతను తిరగలేదు. "ఏం ఈల?"

"మీ బాయిలర్ ఈల. మోగింది. మేస్త్రీ అన్నయ్య తన నోటితో చెప్పాడు. మీరు పొద్దున్నే వాల్వు చూశారు. రోజూ చూసినట్టే చూశారు. మీ తప్పేం లేదు."

అతను తిరిగాడు. గంటమ్మ ఎదురుగా నేలమీద కూర్చుని అంతా చెప్పింది. తలుపు ఎంత దగ్గరగా ఉందో చెప్పింది. వెనక్కి తిరిగి ఎటు వెళ్ళాడో చెప్పింది. అతను చెప్పాడన్న ఆ రెండు మాటలు చెప్పింది. అతను ఎవరి కథో వింటున్నట్టు విన్నాడు.

"నేనా?"

"మీరే."

"అవతల ఆడవాళ్ళు అన్నానా?"

"అన్నారు. ఆ ఆడవాళ్ళలో నేనూ ఉన్నాను. పైగా ఆవిరి ఆగిందని మిమ్మల్ని తిట్టాను కూడా."

అతని మొహంలో ఏదో కదిలింది. నవ్వు రావాలో ఏడుపు రావాలో తేల్చుకోలేక రెండూ అక్కడే ఆగినట్టున్నాయి. గంటమ్మ ఇదే సమయమనుకుంది. ఇప్పుడు చెప్పకపోతే ఎప్పటికీ చెప్పలేననుకుంది.

"ఇంకొకటి కూడా ఉందండి. నేను కూడా మీదే తప్పనుకున్నాను. రోజూ పొద్దున్నే, ఆయన తప్పు క్షమించు ప్రభువా అని అడిగాను. ఒక్కరోజు కూడా మానలేదు."

గంటమ్మ తల వంచుకుని కూర్చుంది. తిట్టినా పడదామనుకుంది.

"పాపం ఆయన" అన్నాడు ఆపరేటరు.

"ఎవరు?"

"దేవుడు. ఏ తప్పో తెలీక ఇన్నాళ్ళూ వెతుక్కుంటూ ఉండుంటాడు. రోజూ క్షమించమంటావు. చూస్తే అక్కడేమీ ఉండదు."

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. ఆ ఇంట్లో ఆ నవ్వు వినబడి ఎన్నాళ్ళయిందో. వాకిట్లో అత్తగారు ప్రార్థన ఆపి, "ఏమైందర్రా?" అని కేకేసింది. నవ్వుతూ నవ్వుతూనే అతని కళ్ళ వెంట నీళ్ళు కారాయి. మచ్చలు పడి ముడుచుకున్న కుడిచెయ్యి పైకెత్తి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఇన్నాళ్ళూ దాన్ని చొక్కా చేతిలో దాచుకోవడమే గానీ అలా చూసుకోలేదు.

"మర్చిపోలేదన్నమాట" అన్నాడు. "పట్టుకునే ఉన్నాడు. వాల్వు తిప్పేదాకా వదల్లేదు."

గంటమ్మ దగ్గర లేని జవాబు అతని నోటినుంచే వచ్చింది. ఆవిడకు అంతకంటే ఏమీ అక్కర్లేదనిపించింది. అత్తగారు కర్ర పొడుచుకుంటూ లోపలికొచ్చేసరికి కొడుకు కళ్ళు మూసుకుని ఉన్నాడు. ప్రార్థనంటే ప్రార్థనా కాదు, చాలాకాలం తర్వాత కలిసిన మనిషితో మాట్లాడినట్టు రెండు మాటలు. "నీమీద అలిగాను. ఇంక చాలు. రేపు నాకు తోడుగా రా." అంతే. ఆమేన్ అనడం అతను మర్చిపోతే అత్తగారు అంది. ఆమేన్ మేస్త్రీ కూడా అంత గట్టిగా ఏనాడూ అనలేదు.

సాయంత్రం అతను బీరువాలోంచి తన నీలం యూనిఫాం తీయమన్నాడు. ఒళ్ళు తగ్గి చొక్కా వదులైంది. గంటమ్మ ఇస్త్రీ చేస్తుంటే పక్కన నిలబడి, "మేస్త్రీ వస్తాడా?" అని అడిగాడు.

"వస్తాడు."

"భయస్తుడు. మేనేజరు ఒక్క చూపు చూస్తే జారిపోతాడు."

"భయపడుతూనే వస్తాడు. చూస్తూ ఉండండి."

"రాకపోతే నా లైసెన్సు పోతుంది. అది పోతే బాధే. కానీ నిన్నటి మనిషిలా మాత్రం బతకను" అన్నాడు ఆపరేటరు. ఆ మాటలో నటన లేదు. కాలర్ మడత దగ్గర గంటమ్మ ఇస్త్రీ పెట్టె నొక్కిపట్టి ఒక్క క్షణం అలాగే ఉంది, తర్వాత చొక్కా తిరగేసింది.

మర్నాడు లాండ్రీ భోజనాల గదిలో బల్లలు ఒక పక్కకు జరిపి విచారణ పెట్టారు. మధ్యలో అధికారి, ఆయన పక్కన మేనేజరు. గోడవారగా ఇస్త్రీ హాలు ఆడవాళ్ళు నిలబడ్డారు. ఆపరేటరు యూనిఫాంలో వచ్చి ముందు వరసలో కూర్చుంటే వాళ్ళలో వాళ్ళు చూసుకున్నారు. మేస్త్రీ కుర్చీ ఖాళీగా ఉంది. మేనేజరు అధికారికి ప్రమాదం ఎలా జరిగిందో చెప్పుకుపోతున్నాడు. చెప్పీ చెప్పీ అరిగిపోయిన మాటలు, ఎక్కడా తడుముకోవడం లేదు. గంటమ్మ నోరు విప్పనని మాటిచ్చింది కాబట్టి పళ్ళ బిగువున కూర్చుంది.

తలుపు తోసుకుని మేస్త్రీ వచ్చాడు. రాత్రంతా నిద్రలేనట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎవరి మొహమూ చూడకుండా వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు.

"కూర్చోండి" అన్నాడు అధికారి.

"నిలబడే చెప్తానండి. నాకు అలవాటు."

"ప్రమాదానికి ముందు సేఫ్టీ వాల్వు ఈల మోగిందా?"

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. ఆ చప్పుడుకు మేస్త్రీ ఒళ్ళు ఒకసారి జలదరించడం గంటమ్మ చూసింది. కళ్ళు మూసుకుంది. ప్రభువా, ఇతని నోట్లో మాట పెట్టు అనుకుంది. ఈసారి ఎవరి తప్పు గురించీ అడగలేదు.

"మోగిందండి."

"ఏంటి మేస్త్రీ, ఒంట్లో బాగోలేదా?" అన్నాడు మేనేజరు.

"బాగానే ఉందండి. మోగింది. వాల్వు ఆ పొద్దున ఆపరేటరు చూడటం నేను చూశాను. ఈల వినగానే అతను బయటికి రాకుండా లోపలికి వెళ్ళి ఇస్త్రీ హాలు వాల్వు మూశాడు. అక్కడ నిలబడ్డారే, ఆ ఆడవాళ్ళంతా అందుకే ఇలా నిలబడగలిగారు. మోగలేదని మేనేజరుగారు అంటే నేను ఇదివరకు తలూపాను. అది తప్పు."

గోడవార కలకలం రేగింది. ఎవరో ఏడుస్తున్నారు, ఎవరో చేతులు జోడించారు. గంటమ్మ మాత్రం కదల్లేదు. కొన్నాళ్ళుగా గుండెల మీద ఉన్న రాయిని ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టుంటే, ఆ తేలికదనానికి ఇంకా అలవాటు పడలేక కూర్చుంది. అధికారి అందర్నీ ఊరుకోమని, మేస్త్రీ వైపు తిరిగాడు.

"సరే. అతను లోపలికి వెళ్ళాడు. మరి ఈల విని నువ్వేం చేశావు?"

మేస్త్రీ పెదవులు కదిలాయి గానీ మాట పెగల్లేదు. చర్చిలో గంటసేపు ఆగకుండా చెప్పే మనిషి. బల్ల అంచు పట్టుకున్నాడు.

ఆపరేటరు లేచాడు. ఎవరూ పిలవకుండానే వెళ్ళి మేస్త్రీ పక్కన నిలబడ్డాడు. చొక్కా చెయ్యి పైకి మడిచి ఉంది. మచ్చలు పడిన ఆ చెయ్యి మేస్త్రీ భుజం మీద వేశాడు.

"చెప్పు అన్నయ్యా. నేనిక్కడే ఉన్నాను."

మేస్త్రీ ఆ చేతివైపు చూశాడు. తర్వాత అధికారి వైపు తిరిగాడు.

"పారిపోయానండి. కానీ పారిపోయే ముందు ఒక పని చేశాను. ఆ గొట్టం దానంతటది పేలలేదు."

మేనేజరు కుర్చీలోంచి విసురుగా లేచాడు. గంటమ్మకు కాళ్ళకింద నేల కదిలినట్టయింది. నిన్న కుర్చీల గదిలో మేస్త్రీ ఈ మాట తనకు చెప్పలేదు. విన్నాడో లేదోనని భర్త మొహంలోకి చూసింది.

అతను విన్నాడు. మొహం పాలిపోయింది. కానీ మేస్త్రీ భుజం మీది చెయ్యి మాత్రం తీయలేదు.